జోర్యా రింకులో ఎర్రబల్బు

ఆ రింకులో ఇప్పుడు ఎరువుల బస్తాలు పెడుతున్నారు. తలుపు తీస్తే చాలు, కళ్ళు మండిపోతాయి. మొన్న ఊరి ఉత్సవాలకి వెళితే, టౌన్ ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి నన్ను ఎవరో కొత్త మనిషిననుకుని ఆ గోదాము చుట్టూ తిప్పి చూపించింది. "ఇది ఒకప్పుడు హాకీ రింకండీ. ఇక్కడ గోలు జడ్జీగా ఉన్న ఒకాయన పక్కూరి వాళ్ళకి అమ్ముడుపోయి దీన్ని మూయించేశాడట" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ జడ్జీ మా నాన్న.

అమ్ముడుపోయాడట! నోటికి అడ్డూ ఆపూ ఉండొద్దూ? మా నాన్న హరాసిమ్ తన జన్మలో ఒకరి దగ్గర సిగరెట్టు కూడా ఊరికే పుచ్చుకోలేదు. ఆ పిల్లననేం లాభం, దానికి చెప్పినవాళ్ళననాలి. వాళ్ళందరూ ఎప్పుడో స్మశానంలో హాయిగా పడుకున్నారు. మిగిలిందాన్ని నేనే కాబట్టి, ఆ ఒక్క శీతాకాలంలోనూ దాని వెనకే వచ్చిన వసంతంలోనూ ఏం జరిగిందో చెబుతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

రింకు కట్టింది మా వాళ్ళే. యుద్ధం అయిపోయాక విమానాల షెడ్డు ఒకటి పాడుపెట్టేస్తుంటే, జోర్యా మగవాళ్ళు వెళ్ళి దాన్ని మేకు మేకూ పీకి, ట్రక్కుల మీద వేసుకొచ్చి మా ఊళ్ళో నిలబెట్టారు. పైన దూలాలకి బోల్టులు బిగించింది నాన్న. ప్రతి శీతాకాలం తలుపులన్నీ బార్లా తెరిచి, గొట్టంతో నీళ్ళు పట్టి, గాలికి గడ్డకట్టించేవాళ్ళం. చలి పడితే ఐసు, పడకపోతే బురద. ఆ ఏడు జనవరి సగమైనా బురదే.

సరిగ్గా అప్పుడే రాష్ట్ర ప్రభుత్వం ఐసు గడ్డకట్టించే యంత్రం ఇస్తానంది. జిల్లాకి ఒక్కటే. మాకా, పక్కనున్న హార్ట్‌వెల్‌కా? యంత్రం వచ్చిన ఊళ్ళో రింకు నిలుస్తుంది. రాని ఊరి పిల్లలు అక్కడికే పోయి ఆడుకోవాలి, ఆ ఊరి రింకుకి తాళం పడుతుంది. రెండు ఊళ్ళ కమిటీలూ మా రింకు పొయ్యిగదిలో కూర్చుని నాలుగు వారాలు తిట్టుకున్నాయి. ఆఖరికి మా వైపు పెద్ద ప్రోకిప్ బల్ల మీద గుద్ది, "ఈ గోలంతా ఎందుకు? ఆడి తేల్చుకుందాం. గెలిచినవాళ్ళది యంత్రం. ఓడినవాళ్ళు నోరు మూసుకుని తాళం వేసుకోవాలి" అన్నాడు.

ఇంకే జనమైనా అయితే, ఒరే ఇది ఊరి సొత్తు, పందెం కాసేదేమిటి అని ఆలోచించి ఉండేవారు. మాకేమో ఓడిపోతామన్న ఊహే రాలేదు. హార్ట్‌వెల్ వాళ్ళకీ రాలేదు. రెండు ఊళ్ళూ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాయి. ఆట సమమైతే పోయినేడు గెలిచిన ఊరికే యంత్రమని రాసుకున్నారు. పోయినేడు గెలిచింది మేమే. మా వాళ్ళు అప్పుడే యంత్రం ఎక్కడ పెట్టాలో చోటు కూడా చూసుకున్నారు.

ఈ ప్రోకిప్ మా ఇంటికి పరాయివాడు కాదు. నా తమ్ముడు ఓరెస్ట్‌కి జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు వాణ్ణి చేతుల్లో ఎత్తుకున్నది ఆయనే. మాలో ఆ వరస రక్తసంబంధం కంటే గట్టిది. ఆ నాటి నుంచీ ఆయనా నాన్నా ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకోలేదు, 'కూమా' అంటే 'కూమా' అనుకునేవారు. ఓరెస్ట్ మా జట్టులో అందరికంటే చురుకైన ఆటగాడు. నాన్న దక్షిణం వైపు గోలు జడ్జీ.

గోలు జడ్జీ అంటే పెద్ద పదవేం కాదు. గోలు అంటే ఇనప కమ్మీల చట్రం. దాని వెనక ఇనపవల, వల వెనక చెక్కతో కొట్టిన చిన్న గూడు, అందులో ఒక స్టూలు, ఒక స్విచ్చి. రబ్బరు బిళ్ళ గీత దాటితే స్విచ్చి నొక్కాలి, నెత్తి మీద ఎర్రబల్బు వెలుగుతుంది. జీతం లేదు. ఆటకొక కప్పు కాఫీ ఇస్తారు.

"ఉత్తరం గోలు దగ్గర మా మనిషి కూర్చుంటాడు. దక్షిణం దగ్గర మీ హరాసిమ్ ఉండనీ, మాకేం పేచీ లేదు" అన్నాడు హార్ట్‌వెల్ పెద్ద ఫెరిస్.

"కొడుకు ఆడుతున్నాడు కదయ్యా, తండ్రిని జడ్జీగా కూర్చోబెడతామా?" అని వాళ్ళలో ఒకడు గొణిగాడు.

"పోయినేడు మీ గోలు చెల్లదని మీ మొహం మీదే చెప్పినవాడు కాదా ఆయన? ఆయనైతే నాకు చాలు" అన్నాడు ఫెరిస్.

ప్రోకిప్ నాన్న వైపు తిరిగి కన్ను గీటాడు. "విన్నావా కూమా? వాళ్ళే అడుగుతున్నారు. కన్నకొడుకు గోలు కొడితే నీ వేలికి తిమ్మిరెక్కదు కదా?"

అందరూ పడీపడీ నవ్వారు. నాన్న నవ్వలేదు. "బిళ్ళ దాటితే వెలిగిస్తాను" అన్నాడు.

*

ఇంకొంచెం ఆగితే ఐసు కరిగిపోతుందనగా, మార్చి మొదట్లో ఆట పెట్టారు. ఆ సాయంత్రం జోర్యాలో ఇళ్ళన్నిటికీ తాళాలే. మా అమ్మ పరాస్కా పొయ్యిగదిలో వంట చూసుకోవాల్సింది, గరిటె అక్కడే పారేసి వచ్చి స్టాండ్లో నా పక్కన కూర్చుంది. చేతులకింకా ఉల్లిపాయ వాసన. నేను ఊరి టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్ని. ఆ రోజు ఫోన్లు చేసే దిక్కే లేక తాళం వేసుకుని వచ్చేశాను.

ఆట సంగతంతా చెప్పను. ఆఖరి నిమిషానికి మేము ఒక గోలు వెనకబడి ఉన్నాం. ఒక్కటి కొడితే సమం, సమమైతే రింకు మాది. ఓరెస్ట్ ఎడమ పక్కనుంచి దూసుకొచ్చాడు, ఇద్దర్ని తప్పించాడు, దక్షిణం గోలు మీదికి కర్ర ఝాడించాడు. వాళ్ళ గోలు కాసేవాడు కిందపడ్డాడు. వాడి మీద మావాళ్ళు, వాళ్ళ మీద హార్ట్‌వెల్ వాళ్ళు, అందరూ కుప్పగా కూలారు. బిళ్ళ ఎటు పోయిందో స్టాండ్లో ఉన్నవాళ్ళకి ఎవరికీ కనపడలేదు. ఒట్టేసి చెబుతాను, ఎవరికీ కనపడలేదు. కనపడిందల్లా ఓరెస్ట్ రెండు చేతులూ పైకెత్తి, కర్ర ఊపుతూ ఎగరడం.

ఊరంతా లేచి నిలబడి అరిచింది. అమ్మ నా మెడ పట్టుకుని ఊపేస్తూ ఏడ్చేసింది. వెనక ఎవరో డబ్బా మోగిస్తున్నారు. ఆ గోలలో ఎవరో అన్నారు, "బల్బేదీ?"

అప్పుడు చూశాం. దక్షిణం గోలు మీద చీకటిగానే ఉంది.

పట్నం నుంచి వచ్చిన రిఫరీ మెల్లగా జారుకుంటూ వెళ్ళి ఇనపవల దగ్గర ఆగాడు.

"ఏమంటారు హరాసిమ్ గారూ?"

"గోలు కాదు. కమ్మీకి తగిలి బయటికొచ్చింది."

"నాన్నా!" అని ఓరెస్ట్ పొలికేక పెట్టాడు. "లోపలికెళ్ళింది నాన్నా! నా కళ్ళతో చూశాను!"

నాన్న వాడి మొహంలోకి చూశాడు. తర్వాత రిఫరీ వైపు తిరిగి, "గోలు కాదు" అని ఇంకోసారి చెప్పాడు.

గంట మోగింది. హార్ట్‌వెల్ వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కావలించుకున్నారు. మా వైపు నుంచి ముందు ఒక రబ్బరు బూటు వచ్చి గూటికి తగిలింది. ఆ వెనక ఇంకోటి, ఆ వెనక కాఫీ కప్పులు, అరటిపళ్ళ తొక్కలు, చేతికేది దొరికితే అది. ఆదివారం బడిలో నాకు ప్రార్థనలు నేర్పిన ఆవిడ వల దగ్గరికెళ్ళి, కన్నాల్లోంచి గురి చూసి ఆయన మొహం మీద ఉమ్మింది. నాన్న చేతిరుమాలు తీసి తుడుచుకున్నాడు. జనం తగ్గేదాకా ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. తర్వాత లేచి, ఎప్పటిలాగే పార తీసుకుని ఐసు గీకడం మొదలెట్టాడు.

"ఇంకెవరి తద్దినానికి గీకుతున్నావ్?" అన్నాడు ప్రోకిప్ తలుపు దగ్గర్నుంచి. కూమా అనలేదు.

*

మర్నాడు పొద్దున అమ్మ ఓరెస్ట్ ముందు గుడ్లు పెట్టింది, నా ముందు పెట్టింది. నాన్న ముందు ఖాళీ కంచం పెట్టింది. ఆయన దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.

"వేలు రాలేదా నీకు?" అంది అమ్మ. "ఒక్క వేలు. పైసా ఖర్చు లేని పని."

"బిళ్ళ లోపలికి పోలేదు పరాస్కా."

"పోలేదని ఎవడడిగాడు? ఊరడిగిందా? వీడడిగాడా? నీకు హార్ట్‌వెల్ వాళ్ళ మెప్పు కావాలి. తీసుకో. పోయి వాళ్ళింట్లోనే తిను."

ఓరెస్ట్ తలెత్తలేదు. రొట్టె తుంచి గుడ్డు పచ్చసొనలో ముంచుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండి నా కంచం నాన్న ముందుకి తోశాను. అమ్మ దాన్ని లాగి నా ముందే పెట్టింది.

ఇంట్లో సంగతి ఇలా ఉంటే బయట సంగతి చెప్పాలా? ఊరి వాళ్ళు తిట్టలేదు, కొట్టలేదు. వాళ్ళకో సరదా దొరికింది. నాన్న ఎదురుగా నిలబడితే ఆయన కనపడనట్టు నటించడం. కొట్టుకెళ్ళి పొగాకు అడిగితే, కొట్టువాడు ఆయన భుజం మీదుగా తలుపు వంక చూసి, "ఎవరో వచ్చినట్టుందే! అబ్బే, నాకేం కనపడలేదు. ఈ మధ్య మన ఊళ్ళో అందరికీ చూపు మందగించింది" అనేవాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవారు. బార్బరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, సగం గెడ్డం గీసి, "అరె, ఇక్కడెవరూ లేరే" అని కత్తి మడిచేసి ఇంటికెళ్ళిపోయాడు. నాన్న సగం గెడ్డంతో వీధంతా నడిచి ఇల్లు చేరాడు. ఎవరు కనిపెట్టారో గానీ ఆ ఆట ఊరికి హాకీ కంటే బాగా నచ్చింది.

ఎక్స్ఛేంజిలో నాకు రోజూ పండగే. "ఎవరూ, హార్ట్‌వెల్ దొరగారి అమ్మాయా? పుణ్యముంటుంది, లైను కలుపు తల్లీ. వైరు కన్నంలోకి పోయిందో లేదో చూసుకున్నావా? మీ ఇంట్లో వాళ్ళకి కన్నాలు కనపడవు కదా" అని కిసుక్కున నవ్వి ఫోను పెట్టేవారు. కళ్ళనీళ్ళు దిగమింగుకుని అందరికీ లైన్లు కలిపేదాన్ని.

ఓరెస్ట్‌కి మాత్రం ఊరు నెత్తిన కిరీటం పెట్టింది. పాపం, తండ్రే కొంప ముంచిన కుర్రాడు కదా! ఎవరింటికెళ్ళినా బంగాళాదుంప కూరిన పెరోహేలు, మీద వెన్న, వేయించిన ఉల్లిపాయ. పట్నంలో పెద్ద జట్టు వాళ్ళు ఆగస్టులో కుర్రాళ్ళని పరీక్షించి తీసుకుంటారట. వాణ్ణి అక్కడికి పంపడానికి ప్రోకిప్ ఊరంతా తిరిగి చందాలు పోగుచేశాడు, కొత్త స్కేట్లు కొనిపెట్టాడు. వాడు ఆ స్కేట్లు ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే, నాన్న ఒకటి చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు రాసి, "మంచి ఉక్కు" అన్నాడు.

*

ఈస్టరు రోజు మా గుడి ముందు అందరం వరసగా బుట్టలు పెట్టుకుని నిలబడతాం. తీపి రొట్టె, రంగుల గుడ్లు, వెన్న. ఫాదర్ గారు మంత్రించిన నీళ్ళు చల్లాక ఒకళ్ళు "క్రీస్తు లేచాడు" అంటే అవతలివాళ్ళు "నిజంగా లేచాడు" అని, మూడుసార్లు ముద్దు పెట్టుకోవాలి. ఆ మాటకి బదులివ్వకపోవడమన్నది మాలో లేదు. పొలం గట్టు దగ్గర తలలు బద్దలు కొట్టుకున్నవాళ్ళు కూడా ఆ పూటకి బదులిస్తారు. అందుకే నాన్న ఆ రోజు నున్నగా గెడ్డం గీసుకుని, పెళ్ళినాటి కోటు వేసుకుని బయల్దేరాడు. పిచ్చి మనిషి, ఆ ఒక్క రోజు మీద ఆశ పెట్టుకున్నాడు.

నీళ్ళు చల్లడం అయింది. నాన్న నేరుగా ప్రోకిప్ దగ్గరికెళ్ళి, చేతులు చాచి, "క్రీస్తు లేచాడు, కూమా" అన్నాడు.

ప్రోకిప్ మొహం ఒక్క క్షణం మెత్తబడింది. నేను చూశాను. కానీ చుట్టూ జనం ఉన్నారు, అందరూ ప్రోకిప్ నోటి వంకే చూస్తున్నారు. పెళ్ళాం వైపు తిరిగి, "నీకేమైనా వినపడిందా?" అన్నాడు.

"లేదే" అంది ఆవిడ.

ముసిముసి నవ్వులు. నాన్న పక్కవాడికి చెప్పాడు. వాడు బుట్ట సర్దుకున్నాడు. ఇంకొకరికి చెప్పాడు. ఆవిడ పిల్లాడి ముక్కు తుడిచింది. అలా ఆ వరస పొడుగునా, రొట్టెల ముందు, కొవ్వొత్తుల ముందు, ఒక్కొక్కళ్ళ దగ్గరా ఆగి, "క్రీస్తు లేచాడు... క్రీస్తు లేచాడు" అంటూ నడిచాడు. ఫాదర్ గారు నీళ్ళ చెంబు అడుగున ఏదో వెతుక్కుంటున్నారు. వరస చివర ఓరెస్ట్ నిలబడి ఉన్నాడు, జట్టు కుర్రాళ్ళ మధ్యన.

"క్రీస్తు లేచాడు, ఓరెస్ట్."

ఓరెస్ట్ ప్రోకిప్ వంక చూశాడు. తర్వాత తన బూట్ల వంక చూసుకున్నాడు.

నేనింక ఆగలేకపోయాను. "నిజంగా లేచాడు నాన్నా!" అని గుడి గంట అదిరేలా అరిచి, పరుగెత్తుకెళ్ళి ఆయన రెండు బుగ్గలూ పట్టుకుని మూడుసార్లు ముద్దు పెట్టుకున్నాను. ఆయన బుగ్గలు చల్లగా ఉన్నాయి. అమ్మ గబగబా మా బుట్ట మీద గుడ్డ కప్పి, "పద ఇంటికి. నలుగురిలో నా పరువు తీయడానికే పుట్టారు తండ్రీ కూతుళ్ళు" అంది.

*

మే నెలలో రింకుని ధాన్యం వ్యాపారికి అమ్మేశారు. బెంచీలు, అంచు చెక్కలు, లోపల సామానంతా పీకి ఇవ్వాలి. ఊళ్ళో మగవాళ్ళందర్నీ పనికి రమ్మన్నారు. నాన్నని పిలవలేదు. అయినా సుత్తి, పటకారు పట్టుకుని వెళ్ళాడు. ఎవరూ ఆయనతో మాట్లాడలేదు, పొమ్మనీ అనలేదు. మధ్యాహ్నం అందరూ తిండికి ఇళ్ళకి పోతే నాన్నా ఓరెస్టూ ఇద్దరే మిగిలారు. దక్షిణం వైపు గూడు విప్పడానికి ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు మరి.

అమ్మా నేనూ అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళాం. డబ్బా ఓరెస్ట్ కోసం. పొయ్యిగది తలుపు దాకా వచ్చేసరికి నాన్న గొంతు వినపడింది. ఖాళీ రింకు కదా, గుసగుసలాడినా మోగుతుంది.

"ఆ రోజు నీకు వినపడింది కదరా?"

"ఏంటి?"

"కమ్మీ మోగడం."

సుత్తి చప్పుడు ఆగింది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"వినపడింది" అన్నాడు ఓరెస్ట్.

"మరి చేతులెందుకెత్తావ్?"

"నేనెత్తితే నువ్వు వెలిగిస్తావనుకున్నా. కొడుకుని కదా, వెలిగిస్తావనుకున్నా."

నాన్న ఒక మేకు పీకి పక్కన పెట్టాడు. తర్వాత చాలా మామూలుగా, ఉప్పందుకోమన్నట్టుగా అడిగాడు. "ఊళ్ళోవాళ్ళకి ఆ ఒక్క ముక్కా చెప్పరా. చాలు."

"చెబితే నన్ను బతకనిస్తారా నాన్నా? ఆ చందాలు, ఆ స్కేట్లు, పట్నం, అన్నీ పోతాయి. నిన్నెలాగూ చంపేశారు. ఇప్పుడు కొత్తగా నీకు పోయేదేముంది?"

నాన్న మళ్ళీ పని అందుకున్నాడు. చెక్క పలక కిర్రుమంది. "ఆ చివర పట్టుకో. జాగ్రత్త, మేకులున్నాయి" అన్నాడు.

నేను అమ్మ మొహంలోకి చూశాను. ఇన్ని నెలలు ఆ మనిషికి ఖాళీ కంచం పెట్టింది కదా, ఇప్పుడు లోపలికెళ్ళి ఆయన కాళ్ళ మీద పడుతుందనుకున్నాను. కనీసం ఏడుస్తుందనుకున్నాను. అమ్మ తన తలగుడ్డ సవరించుకుని, డబ్బా మూత గట్టిగా నొక్కి, నా చెవిలో, "నువ్వేమీ వినలేదు. నేనూ వినలేదు. వాడు ఆగస్టులో పట్నం పోవాలి" అంది. ఆ మీదట నవ్వుమొహంతో లోపలికెళ్ళి, "ఓరెస్ట్, రా నాన్నా, వేడిగా ఉన్నప్పుడే తినేసెయ్" అని పిలిచింది.

కన్నతల్లి గురించి ఇలా చెప్పకూడదు. అయినా చెబుతున్నాను. ఆ నిమిషాన ఆవిడంటే నాకు పుట్టిన అసహ్యం ఈ రోజుకీ పోలేదు.

మర్నాడు పొద్దున ఎక్స్ఛేంజికి వెళ్ళి కూర్చున్నాను. ఎక్కడైనా మంటలంటుకున్నా, ఎవరైనా పోయినా అన్ని ఇళ్ళకీ ఒకేసారి తెలియడానికి మేము ఒక పొడుగు గంట కొట్టేవాళ్ళం. ఊళ్ళోనూ పొలాల్లోనూ ప్రతి ఇంట్లో ఫోను మోగుతుంది, అందరూ ఎత్తి వింటారు. ఇంకదేనికీ ఆ గంట వాడకూడదు. నేను కొట్టాను. టకటకా అందరూ ఎత్తారు. ఊపిరులు వినపడుతున్నాయి.

"హరాసిమ్ కూతురు స్టెఫ్కాని మాట్లాడుతున్నాను" అన్నాను. "మంటల్లేవు, చావుల్లేవు. బిళ్ళ కమ్మీకి తగిలింది. ఓరెస్ట్‌కి ఆ చప్పుడు వినపడింది. నిన్న మధ్యాహ్నం వాడే మా నాన్నతో ఒప్పుకున్నాడు, నా చెవులతో విన్నాను. మీరందరూ ఆయనకి చేసింది గుర్తు చేసుకోండి. సిగ్గుంటే వచ్చి క్షమాపణ అడగండి."

ఎవరూ పెట్టెయ్యలేదు. ఇక ఈ రోజుతో అయిపోయింది, ఆయన కష్టం తీరిపోయిందని, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

సాయంత్రానికి మా వాకిలి నిండిపోయింది. ముందు ప్రోకిప్, వెనక జట్టు కుర్రాళ్ళు, వాళ్ళ వెనక ఊరు. క్షమాపణకి వచ్చిన మొహాల్లా లేవు. ఇద్దరి చేతుల్లో హాకీ కర్రలున్నాయి. ఓరెస్ట్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఏరా? నీ అక్క చెప్పింది నిజమేనా? మా చేత ఇంత చేయించుకున్నావ్, మమ్మల్ని వెధవల్ని చేశావా?" అన్నాడు ప్రోకిప్.

"అది... అక్క ఏదో..." అని వాడు నీళ్ళు నమిలాడు.

"నాకేం తెలీదు. నేను అక్కడే ఉన్నాను, అలాంటి మాటేదీ వినలేదు" అంది అమ్మ. "దానికి మొదట్నుంచీ తమ్ముడంటే కడుపుమంట."

"అమ్మా!" అన్నాను.

ప్రోకిప్ ఎవరి మాటా పట్టించుకోలేదు. గుమ్మంలో నిలబడి ఉన్న నాన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. వీడు ఆ మాట అన్నాడా, అనలేదా? నువ్వేదంటే అదే."

ఎన్ని వారాల తర్వాతో ఆయన వంక అంతమంది కళ్ళెత్తి చూశారు. ఒక్క ముక్క చాలు. 'అన్నాడు' అంటే చాలు. నేను ఆయన్నే చూస్తూ లోపల్లోపల అరుస్తున్నాను, చెప్పు నాన్నా, చెప్పు. నాన్న ఓరెస్ట్ వంక చూశాడు. వాడు కర్రల వంకే చూస్తూ ఒక మెట్టు వెనక్కి జరిగాడు.

"మావాడు అలాంటి మాటేం అనలేదు" అన్నాడు నాన్న.

"మరి నీ కూతురు?"

"దానికి నేనంటే ప్రాణం. నన్ను వెనకేసుకు రావడానికి కల్పించింది."

కర్రలు కిందికి దిగాయి. ఎవడో పెద్దగా నిట్టూర్చాడు. ప్రోకిప్ టోపీ తీసి, బుర్ర గోక్కుని, వెనక్కి తిరిగి ఊరికి తీర్పు చెప్పాడు. "పదండి. ఏమైనా అనండి గానీ, హరాసిమ్ అబద్ధం చెప్పే రకం కాదు."

అవునంటే అవునని అందరూ తలలాడించారు. ఆయన అప్పటిదాకా చెప్పిన నిజం ఒక్కరూ నమ్మలేదు. జన్మలో ఒక్క అబద్ధం చెబితే ఊరు మొత్తం నమ్మింది. మర్నాడు కొట్టువాడు ఆయనకి పొగాకు ఇచ్చాడు. అమ్మ కంచంలో గుడ్లు పెట్టింది. నన్ను మాత్రం, గంట దుర్వినియోగం చేసిన అబద్ధాలకోరునని ఎక్స్ఛేంజి నుంచి తీసేశారు. వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళు పిల్లల్ని పక్కకి లాక్కునేవారు.

జూన్‌లో ఊరు వదిలేశాను. బస్సు దగ్గరికి నా పెట్టె మోసింది నాన్నే. బస్సు కనపడ్డాక ఆగలేక అడిగాను.

"ఎందుకు నాన్నా?"

"వాడు నా కొడుకమ్మా" అన్నాడు.

"మరి నేనెవర్ని?"

బస్సు ఆగింది. నాన్న పెట్టె ఎత్తి లోపల పెట్టి, కిందికి దిగి, డ్రైవరుకి దారివ్వడానికి పక్కకి తప్పుకున్నాడు.